విశ్రాంతికి వెళ్దాం... విశ్రాంతిగానే వద్దాం!

వారం రోజులు సెలవు పెట్టి పిల్లాపాపలతో ఊళ్లు తిరిగొచ్చారు. ఫోన్ నిండా ఫొటోలున్నాయి. కానీ ఇంటికొచ్చిన మర్నాడు ఒళ్లు నొప్పులు, కళ్ల మంటలు, చిన్నాడికి జలుబు, పెద్దాయనకు కాళ్ల వాపు. మళ్లీ ఆఫీసుకు వెళ్లాలంటే ఇంకో రెండు రోజులు సెలవుంటే బాగుండుననిపిస్తుంది. మీ ఇంట్లోనూ ఇలాగే జరిగిందా? అయితే మీరు చేసొచ్చింది విహారం. ఒంటికి కావాల్సింది విశ్రాంతి. రెండూ ఒకటి కాదు.

అందుకే ఈమధ్య చాలామంది పది చోట్లు చుట్టిరావటం మాని, సముద్రం ఒడ్డున ఏదో ఒక చిన్న, ప్రశాంతమైన హోటల్లో నాలుగైదు రోజులు ఉండిపోవటానికి ఇష్టపడుతున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. నిశ్శబ్దం మనసును తేలికపరుస్తుంది, దాంతోపాటే ఏమరుపాటునూ తెస్తుంది. ప్రశాంతంగా ఉండే చోట విశ్రాంతిని పూర్తిగా అందుకోవాలి, జాగ్రత్తలను మాత్రం వదలకూడదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్తున్న బాలీ ద్వీపాన్నే ఉదాహరణగా తీసుకుని ఈ రెండూ ఎలా సాధ్యమో చూద్దాం.

సెలవు విలాసమా, అవసరమా?

ఎక్కువ గంటలు పనిచేస్తే గుండెకు, మెదడుకు ముప్పని ఇప్పుడు స్పష్టంగా తెలుసు. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35%, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17% ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. కాబట్టి సెలవును దుబారాగా చూడాల్సిన పనిలేదు.

అయితే సెలవు ఫలితం మనం అనుకున్నంత కాలం నిలవదు. సుదీర్ఘ సెలవు తీసుకున్న ఉద్యోగులను గమనించి నెదర్లాండ్స్ పరిశోధకులు 2013లో వెల్లడించిన సంగతి ఇది. సెలవు మొదలవగానే ఉత్సాహం, ఆరోగ్య భావన పెరుగుతూ వచ్చి సుమారు ఎనిమిదో రోజుకు గరిష్ఠానికి చేరాయి. తిరిగి పనిలో చేరిన వారం రోజుల్లోనే మళ్లీ మొదటికొచ్చాయి. అంటే ఎప్పుడో అయిదేళ్లకొకసారి భారీ యాత్ర కన్నా, ఏటా కొద్దిరోజులు నిజమైన విశ్రాంతి మేలన్నమాట.

కొబ్బరిచెట్టు ఎత్తుకు మించని ఊరు

బాలీ అనగానే కుటా, సెమిన్యాక్‌ల హోరు గుర్తొస్తుంది. ద్వీపానికి ఆగ్నేయంగా ఉన్న సనూర్ అలా కాదు. ఇక్కడ 1966లో పది అంతస్తుల హోటల్ ఒకటి వెలిసింది. దాన్ని చూశాక, ఇకపై కట్టే భవనాలేవీ కొబ్బరిచెట్టు ఎత్తును, అంటే సుమారు 15 మీటర్లను మించకూడదని బాలీలో నిబంధన పెట్టుకున్నారు. అందుకే తీరంలో నడుస్తుంటే చెట్లే కనిపిస్తాయి, మేడలు వాటి చాటున ఉండిపోతాయి.

ఆ పెద్ద హోటల్ కన్నా ముందే, 1962లో, సనూర్ ఒడ్డున విజా వవోరుంటు అనే ఆయన కుటుంబం నాలుగు చిన్న బంగళాలతో అతిథులను ఆహ్వానించటం మొదలెట్టింది. అదే తాంజుంగ్ సారి. పేరుకు విలాసవంతమైన హోటలే. కానీ లిఫ్టులు, పొడవాటి వరండాలు, గోలగోలగా పాటలు ఉండవు. తోటలో విడివిడిగా బంగళాలు, చుట్టూ గోడ, లోపల చిన్న వాకిలి. బాలీ పల్లెల్లో ఇళ్లు ఎలా ఉంటాయో అలాగే. ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. గదులు తక్కువ కాబట్టి జనమూ తక్కువే.

ఇలాంటి చోట్ల మీరు డబ్బు పెట్టేది పాలరాతికి కాదు, నిశ్శబ్దానికి. మన దేశంలో నివాస ప్రాంతాల్లో రాత్రివేళ శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. మన నగరాల్లో అది ఎంతవరకు అమలవుతోందో మీకు తెలిసిందే. రాత్రిళ్లు హారన్లు, బోరు మోటార్ల మధ్య నిద్రపోయే మెదడుకు, అలల చప్పుడు తప్ప మరేదీ లేని నాలుగు రాత్రులు దొరకటం చిన్న విషయం కాదు.

అంత ఖర్చు పెట్టలేమనుకుంటున్నారా? సనూర్‌లో కుటుంబాలు నడిపే చిన్న బస గృహాలూ ఉన్నాయి. అక్కడ వీటిని లోస్మెన్ అంటారు. హంగులు తక్కువే గానీ అదే సముద్రం, అదే నడక దారి, అదే నిశ్శబ్దం.

ఆ ద్వీపానికే ఒకరోజు మౌనం

బాలీ వాసులకు నిశ్శబ్దం కొత్త కాదు. వారి శక సంవత్సరాది న్యేపీ రోజున ద్వీపం మొత్తం 24 గంటలు మౌనం పాటిస్తుంది. రోడ్ల మీద వాహనాలు తిరగవు, దీపాలు వెలగవు, విమానాశ్రయాన్ని కూడా మూసేస్తారు. పర్యాటకులూ హోటల్ దాటకూడదు. అత్యవసర వైద్యానికి మాత్రం మినహాయింపు. మన ఉగాదికీ శక గణనే ఆధారం కాబట్టి కొన్నేళ్లలో రెండూ ఒకే రోజు వస్తాయి. 2023లో, 2026లో అలాగే వచ్చాయి. సాధారణంగా మార్చిలో వచ్చే ఈ పండగకు అటూ ఇటూ ప్రయాణం పెట్టుకుంటే తేదీ చూసుకోండి. ఆరోజు వాడాల్సిన మందులను ముందే దగ్గర పెట్టుకోండి.

ఒకే మంచం, నాలుగు రాత్రులు

కొత్త చోట మొదటి రాత్రి సరిగా నిద్రపట్టకపోవటం అందరికీ అనుభవమే. దీనికి కారణాన్ని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వివరించారు. కొత్త ప్రదేశంలో మొదటి రాత్రి గాఢ నిద్రలో కూడా మెదడులో ఎడమ భాగం కొంత మెలకువగా, కాపలా కాస్తున్నట్టుగా ఉంటోందట. రెండోసారి అక్కడే పడుకున్నప్పుడు ఈ తేడా తగ్గిపోయింది.

దీన్నిబట్టి ఏమర్థమవుతోంది? ఆరు రోజుల్లో నాలుగు హోటళ్లు మారితే నాలుగు రాత్రులూ కాపలా నిద్రే. మూటాముల్లె ఒకేచోట దించి ఉండిపోతే రెండో రోజు నుంచే నిద్ర కుదుటపడుతుంది.

బాలీ సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఆరున్నర అంటే మన ఒంటికి తెల్లవారుజాము నాలుగే. అందుకే వెళ్లబోయే ముందు మూడు నాలుగు రోజులు రోజుకో అరగంట చొప్పున ముందుగా పడుకుని, ముందుగా లేవటం అలవాటు చేసుకుంటే మంచిది. అక్కడికి చేరిన మొదటి ఉదయం ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు లేచి, ఉదయపు వెలుగులో కాసేపు నడవండి. సనూర్ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది, సముద్రంలోంచి సూర్యుడు పైకి రావటం చూడొచ్చు. ఒడ్డు వెంట సుమారు 5 కిలోమీటర్ల దారి ఉంది. కార్లు రావు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా మధ్యమధ్యలో కూర్చుంటూ నడవొచ్చు.

పగడపు దిబ్బ లోపలే ఉండండి

సనూర్ సముద్రం శాంతంగా కనిపించటానికి కారణం ఒడ్డుకు దూరంగా అడ్డుగోడలా ఉన్న పగడపు దిబ్బ. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి. లోపల మడుగులాంటి నీళ్లుంటాయి. పిల్లలకు ఇది అనువే. కానీ మూడు సంగతులు తెలిసుండాలి.

మొదటిది, ఆటుపోట్లు. ఆటు సమయంలో నీళ్లు బాగా వెనక్కి తగ్గి నాచు, పగడపు రాళ్లు బయటపడతాయి. అప్పుడు నడిస్తే కాళ్లు కోసుకుంటాయి, సముద్రపు ముళ్ల జీవులు గుచ్చుకోవచ్చు. పోటు ఎప్పుడో హోటల్ వాళ్లను అడిగి, ఆ వేళకే నీళ్లలోకి దిగండి. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. పగడపు రాయి గీరుకుంటే చిన్నదే కదా అని వదిలెయ్యొద్దు. శుభ్రమైన నీటితో, సబ్బుతో బాగా కడిగి ఇసుక, రాతి ముక్కలు లేకుండా చూసుకోండి. ఎర్రబడినా, వాచినా, జ్వరం వచ్చినా వైద్యులకు చూపించాలి.

రెండోది, దిబ్బ దాటి వెళ్లొద్దు. దిబ్బలో ఖాళీలున్నచోట నీరు వేగంగా బయటికి లాగుతుంది. కుటా, చంగు వంటి పడమటి తీరాల్లోనైతే దిబ్బ రక్షణ లేదు, ఈ లాగుడు ప్రవాహాలు మరీ ఎక్కువ. మన విశాఖ, బాపట్ల తీరాల్లో ప్రాణాలు తీసేదీ ఇలాంటి ప్రవాహాలే. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ముందు నీటి మీద తేలుతూ ఊపిరి కుదుటపరచుకోండి. చేయెత్తి సాయం కోరండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదుతూ, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు రండి.

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. చిన్న హోటళ్లలో యజమాని మీ పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని పలకరిస్తారేమో గానీ, ఈతకొలను దగ్గర రక్షకులు ఉండకపోవచ్చు. మునిగిపోతున్న పిల్లలు సినిమాల్లోలా కేకలు వేయరు. నోరు నీటిలో ఉంటుంది, అరవటానికి ఊపిరి అందదు. చప్పుడు లేకుండా నిమిషాల్లో అంతా జరిగిపోతుంది. పదిమంది పెద్దవాళ్లు చుట్టూ ఉన్నా, ఎవరికి వారు 'ఇంకొకరు చూస్తున్నారులే' అనుకున్నప్పుడే ప్రమాదం. అందుకే వంతులు వేసుకోండి. ఇరవై నిమిషాలు అమ్మ, ఇరవై నిమిషాలు నాన్న, ఆ తర్వాత బాబాయి. వంతులో ఉన్నవారి చేతిలో ఫోన్ ఉండకూడదు. ఈత రాని పిల్లలకు, వాళ్లు చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. గాలి ఊదే రబ్బరు చక్రాలు ఆటవస్తువులే, రక్షణ కవచాలు కావు. మద్యం తాగినవారు నీటిలోకి దిగొద్దు, పిల్లల కాపలాకూ వద్దు.

నీడ పొట్టిగా ఉంటే లోపలే

బాలీ భూమధ్యరేఖకు 8 డిగ్రీల దక్షిణాన ఉంది. మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. సముద్రపు గాలికి వేడి తెలియదు, చర్మం మాత్రం కమిలిపోతుంది. 'మనది చామనఛాయ, మనకేమీ కాదు' అనుకోవద్దు. నలుపు రంగు కొంత కాపాడుతుంది గానీ పూర్తిగా కాదు.

దీనికి తేలికైన కొలత మీ నీడే. నీడ మీకన్నా పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టు. ఆ వేళ భోజనం, కునుకు, పుస్తకం, పిల్లలతో అష్టాచమ్మా పెట్టుకోండి. బయటికెళ్తే అంచులు వెడల్పుగా ఉన్న టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకోండి. ఎస్పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ బయటికెళ్లే ముందు రాసుకుని, ప్రతి రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాసుకోవాలి. ఆరు నెలల్లోపు పసివాళ్లకు సన్‌స్క్రీన్ కన్నా నీడే రక్ష.

కొన్ని రకాల మందులు ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, ఇన్ఫెక్షన్లకు ఇచ్చే డాక్సీసైక్లిన్ అలాంటివే. వీటిని మానొద్దు, ఎండకు దూరంగా ఉండండి.

కడుపు చల్లగా...

కొళాయి నీళ్లు తాగొద్దు. సీసా నీళ్లే తాగండి, పళ్లు తోముకోవటానికీ అవే వాడితే మంచిది. వీధి బండ్ల దగ్గర మంచుముక్కలు, కోసి ఉంచిన పండ్లు వద్దు. వేడివేడిగా వండి వడ్డించేవి, మీరే తొక్క తీసుకునే పండ్లు తినండి.

విరేచనాలు పట్టుకుంటే ముందు చేయాల్సింది ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. అవి లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో చెంచా అంచుకు సమానంగా 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. రక్తం పడినా, జ్వరం తీవ్రంగా ఉన్నా, పిల్లలు మూత్రం పోయకుండా మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి.

శాకాహారులు, రొయ్యలు పడనివారు ఒకటి గమనించాలి. అక్కడి పచ్చళ్లలో, కూరల్లో రొయ్యలతో చేసిన తెరాసి అనే ముద్ద కలుపుతారు. పైకి కనిపించదు. వేరుసెనగ పచ్చడి వాడకమూ ఎక్కువే. పడకపోతే హోటల్ వంటవాళ్లకు ముందే చెప్పండి. కుటుంబం నడిపే హోటల్లో ఉండే సౌకర్యం ఇదే, చెప్పిన మాట నేరుగా వంటింటికి చేరుతుంది. ఇక స్థానికంగా కాచిన సారా జోలికి అసలు పోవద్దు. మిథనాల్ కలిసిన సారా తాగి చూపు, ప్రాణం పోగొట్టుకున్న పర్యాటకులున్నారు.

దోమలు, కుక్కలు, కోతులు

తోటలు, నీటి కుండీలు ఉన్నచోట దోమలుంటాయి. బాలీలో డెంగీ ఉంది. ఆ దోమ పగలే కుడుతుంది. తెల్లవారాక, సాయంత్రం చీకటిపడే ముందు మరీ ఎక్కువ. ఆ వేళల్లో కాళ్లూ చేతులూ కప్పే బట్టలు వేసుకుని, దోమలను తరిమే పూత రాసుకోండి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు. డెంగీ అయితే వీటితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండెజబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు మాత్రం సొంతంగా మానకుండా వైద్యులను అడగాలి.

బాలీలో 2008 నుంచి రేబిస్ ఉంది. తీరంలో తిరిగే కుక్కలను పిల్లలు ముద్దు చేయకుండా చూడండి. ఉబుద్ కోతుల వనంలో చేతిలో తినుబండారాలు పెట్టుకోవద్దు. కుక్క, కోతి కరిచినా, గీరినా వెంటనే 15 నిమిషాల పాటు ధారగా కారే నీటితో, సబ్బుతో కడిగి అదేరోజు టీకా మొదలుపెట్టాలి. ఇంటికెళ్లాక చూద్దామని వాయిదా వేస్తే ప్రాణాంతకం.

అమ్మానాన్నలు వెంట ఉంటే

పెద్దవాళ్లకు ఇలాంటి హోటల్ ఎంతో హాయి. మెట్లు తక్కువ, పరుగులు లేవు. అయితే ఎండలో చెమట పడుతుంది. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు వాడేవారికి నీరు, లవణాలు తగ్గి కళ్లు తిరగొచ్చు. వెళ్లే ముందే వైద్యులను కలిసి మోతాదు గురించి అడగండి.

దాహానికి కొబ్బరిబొండం మంచిదే. కానీ అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవారు, పొటాషియాన్ని పెంచే మందులు వాడేవారు వైద్యులు చెప్పినంతే తాగాలి.

షుగరున్నవారు ఇన్సులిన్‌ను విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఇసుకలో, ఎండలో నిలిపిన కారులో పెడితే చెడిపోతుంది. పాదాల స్పర్శ తగ్గినవారికి వేడి ఇసుక కాల్చినా తెలియదు. చెప్పులు విడవొద్దు, రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోండి. ఈత, నడకలతో చక్కెర పడిపోవచ్చు, జేబులో గ్లూకోజో, పంచదారో ఉంచుకోండి.

గది తీసుకునే ముందు అడగండి

* రాత్రిపూట దగ్గర్లో పాటల హోరు, నిర్మాణ పనులు ఉన్నాయా?
* ఈతకొలనుకు కంచె ఉందా? లోతెంత? రక్షకులు ఏయే వేళల్లో ఉంటారు?
* కిటికీలకు దోమతెరలున్నాయా?
* గదిలో చిన్న ఫ్రిజ్ ఉందా?
* మెట్లు లేని గది, జారని స్నానాలగది దొరుకుతాయా?
* 24 గంటలూ పనిచేసే ఆసుపత్రి ఎంత దూరం? రాత్రి వాహనం ఎవరు పిలుస్తారు?

ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోండి. పాత జబ్బులను దాచకుండా రాయండి. ద్విచక్ర వాహనం అద్దెకు తీసుకుంటే సరైన లైసెన్సు లేకుండా జరిగిన ప్రమాదాలకు బీమా వర్తించకపోవచ్చు. మందుల చీటీ నకలు వెంట ఉండాలి. మందులు రోజులకు సరిపడా కాక మరో వారానికి అదనంగా పెట్టుకోండి.

తిరిగొచ్చాక...

ఆదివారం అర్ధరాత్రి దిగి సోమవారం పొద్దున ఆఫీసుకు పరుగెత్తితే సంపాదించుకున్న విశ్రాంతి అక్కడికక్కడే కరిగిపోతుంది. ఒకరోజు ఇంటిదగ్గర గడిపేలా తిరుగు ప్రయాణం పెట్టుకోండి. వచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే ఎక్కడికెళ్లొచ్చారో వైద్యులకు తప్పక చెప్పండి.

అక్కడ అలవాటైనవాటిలో ఒక్కటైనా ఇక్కడా కొనసాగించండి. పొద్దున్నే అరగంట నడక కావచ్చు, మధ్యాహ్నం ఫోన్ పక్కన పెట్టి అందరూ కలిసి భోంచేయటం కావచ్చు, రాత్రి ఒకే వేళకు పడుకోవటం కావచ్చు. వీటికి విమానం టికెట్లు అక్కర్లేదు.